సిమెంటు పాలు - సీసపు పెట్టె

పాలలో నీళ్ళు కలిశాయా లేదా అన్న తగాదా లేని ఇల్లు మనవాళ్ళలో ఒక్కటైనా ఉండదేమో. మా అమ్మగారు పాలచుక్కను గోటిమీద వేసి, అది నిలిచే తీరు చూసి తీర్పు చెప్పేవారు. పాలకేంద్రం వారు గాజుబుడ్డి ముంచి, అది తేలిన మట్టం చూసి చెబుతారు. గోరు అయినా, గాజుబుడ్డి అయినా అడిగే ప్రశ్న ఒక్కటే: ఇందులో సరుకెంత, నీళ్ళెంత? మా గుమాస్తా ఉద్యోగంలో కూడా ఇరవై ఏళ్ళుగా ఇదే ప్రశ్న. కాకపోతే ఇవి ఆవుపాలు కావు, సిమెంటు పాలు.

మేము పనిచేసేది చమురు బావులకు సిమెంటు వేసే ఒక కంట్రాక్టు సంస్థలో. యార్డు కారైకాలుకు దగ్గరలో ఉన్నది. నరిమణం, కమలాపురం, అడియక్కమంగళం అనే పేర్లు ఈ వైపు పాఠకులకు కొత్తవి కావు. కావేరి డెల్టాలో వరిచేల నడుమ చమురూ గ్యాసూ దొరికే చోట్లు అవి. మా పూర్వులు నాయకరాజుల కాలంలో తంజావూరు సీమకు వచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసు ఫైళ్ళలో ఎట్లాగో నెట్టుకువచ్చే ఇంగ్లీషు. చదువు మెట్రిక్యులేషనుతో సరి. మేము ఇంజనీర్లము కాము. కాని యార్డులో ఉన్న సీసపు పెట్టెల లెక్క మా బల్లమీది రిజిస్టరులోనే ఉంటుంది. ఆ లెక్క ఎందుకో చెప్పాలంటే ముందు సిమెంటు సంగతి చెప్పాలి.

బావి తవ్వి ఇనుప గొట్టం దింపిన తరువాత, గొట్టానికీ చుట్టూ ఉన్న నేలకూ మధ్య సందు మిగులుతుంది. సిమెంటు పాలను గొట్టం లోపలినుంచి కిందికి పంపితే, అవి అడుగునుంచి తిరిగి ఆ సందులో పైకి ఎక్కి గట్టిపడతాయి. భూమిలో పై పొరల్లో ఊరివాళ్ళు త్రాగే మంచినీళ్ళు ఉంటాయి. వాటి కింద ఉప్పునీళ్ళు, ఇంకా లోతున గ్యాసు, చమురు. వీటిని ఎక్కడివక్కడ నిలిపే గోడ ఆ సిమెంటే. ఒకసారి కిందికి వెళ్ళిన తరువాత దాన్ని కంటితో చూసేవాడు లేడు. కాబట్టి లోపలికి పోయేముందే దాని చిక్కదనం సరిగా ఉండాలి.

చమురు బావులకు వాడే జి తరగతి సిమెంటుకు, మరే మందులూ కలపనప్పుడు, 100 కిలోలకు 44 కిలోల నీళ్ళు పోస్తారు. అప్పుడు ఆ పాలు లీటరుకు 1.90 కిలోలు తూగుతాయి. ఈ రంగంలో అందరూ వాడేది అమెరికా గ్యాలను లెక్క. ఆ లెక్కలో 15.8 పౌండ్లు. అదే 100 కిలోలకు 50 కిలోల నీళ్ళు పడితే తూకం 15.3కు దిగుతుంది. కాగితం మీద అర పౌండే తేడా. కాని నీళ్ళు ఎక్కువైన సిమెంటులో బలం తగ్గుతుంది, నీరు విడిపోయి పైకి తేలుతుంది, గట్టిపడేలోగా గ్యాసు దారి చేసుకునే వీలు పెరుగుతుంది. అట్లాగని నీళ్ళు తగ్గించినా చిక్కే. పాలు మరీ చిక్కనై పంపుకు లొంగవు. బరువు ఎక్కువైతే బలహీనమైన నేల పగిలి, సిమెంటు సందులో నిలవకుండా ఆ పగుళ్ళలోకి పోతుంది. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్గు మీద పేలుడు జరిగి 11 మంది చనిపోయారు. కారణాలు అనేకం. బావి అడుగున వేసిన సిమెంటు గ్యాసును ఆపలేకపోవడం వాటిలో ఒకటని విచారణలో తేలింది.

పంపు నడుస్తూ ఉంటే నిమిషానికి కొన్ని వందల లీటర్ల పాలు పోతూ ఉంటాయి. ప్రతి చెంబూ పట్టి తూచడం అయ్యే పని కాదు. అందుకోసం పెట్టిందే సీసపు పెట్టె. గొట్టానికి ఒక పక్క సీసం పోసిన ఉక్కు పెట్టె. అందులో సీసియం-137 అనే పదార్థం, రెండు పొరల స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగులో మూసిన చిన్న గుళిక. మావాళ్ళు దాన్ని సోర్సు అంటారు. గొట్టానికి అవతలి పక్క లెక్కపెట్టే యంత్రం. పెట్టెకున్న మూత తీస్తే సన్నని దారిలో గామా కిరణాలు గొట్టంగుండా అవతలికి పోతాయి. లోపల పాలు చిక్కగా ఉంటే ఎక్కువ కిరణాలు మధ్యలో ఆగిపోతాయి, పలచగా ఉంటే ఎక్కువ దాటుతాయి. అవతలి యంత్రం దాటివచ్చిన వాటిని లెక్కపెట్టి సాంద్రత అంకె చూపిస్తుంది.

అంటే ఈ యంత్రం తూచదు, లెక్కపెడుతుంది, అంతే. దాటివచ్చిన కిరణాలు ఇన్ని అని దానికి తెలుసుగాని, ఇన్ని వస్తే సాంద్రత ఎంత అన్నది మనం నేర్పాలి. మొదట గొట్టం నిండా మంచినీళ్ళు నింపుతారు. ఇది గ్యాలనుకు 8.33 పౌండ్లు అని యంత్రానికి చెబుతారు. తరువాత బరువైన వైపు ఇంకో గురుతు కావాలి. తూకం తెలిసిన చిక్కని ద్రవంతోనో, తయారుదారు ఇచ్చిన లోహపు పలకలతోనో అది కుదురుస్తారు. ఈ రెండు గురుతుల ఆధారంతో మిగతా అంకెలన్నీ అదే లెక్క కట్టుకుంటుంది. గొట్టం ఎప్పుడూ నిండుగా ఉండాలి. అందుకని వీలైనంతవరకు నిలువు గొట్టానికే బిగిస్తారు. పాలలో గాలి బుడగలుంటే అంకె తగ్గుతుంది. సిమెంటు రాపిడికి గొట్టం గోడ అరిగినా తగ్గుతుంది. గోడకు లోపల సిమెంటు పెచ్చుకట్టితే పెరుగుతుంది. పైగా ఆ అంకె ఒకచోట నిలవదు. కిరణాలు గడియారం కొట్టినట్టు సమంగా రావు, వానచినుకుల్లా వస్తాయి. అందుకని కొన్ని సెకండ్ల లెక్కను కలిపి సగటు చూస్తారు. సగటు మరీ పొట్టిదైతే అంకె గంతులు వేస్తుంది. మరీ పొడుగైతే పాలు పలచబడిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఇదంతా సరిచూసుకోవడం ఆపరేటరు పని. సోర్సు బయటికి వెళ్ళినప్పుడు దాని కాగితాలతో వెంట వెళ్ళడం మా పని.

అట్లా వెళ్ళిన ఒక రాత్రి సంగతి చెప్పాలి. సముద్రానికి రెండు మైళ్ళలో ఉన్న బావి. ఆపరేటరు తమిళ కుర్రవాడు, చురుకైనవాడు. నీళ్ళతో యంత్రాన్ని కుదిర్చాడు, అంకె 8.33 దగ్గర నిలిచింది. సిమెంటు కలపడం మొదలైంది. అంకె 15.8. అంతా సవ్యంగానే ఉన్నట్టు తోచింది. మా సూపర్‌వైజరు రాజమండ్రి నుంచి వచ్చిన పెద్దాయన. తొట్టిలోంచి చిన్న పాత్రతో పాలు పట్టి, ఒత్తిడి త్రాసులో పోసి తూచారు. ఈ త్రాసులో మూత బిగించి, చేతి పంపుతో ఇంకొంచెం పాలు లోపలికి దట్టించి బుడగలను అణిచివేస్తారు. గాలి మోసం చేయకుండా. త్రాసు 16.0 అన్నది. మళ్ళీ పట్టారు. మళ్ళీ 16.0.

"అయ్యా, స్క్రీను మీద సరిగానే ఉంది కదా. త్రాసు మొరాయిస్తోందేమో" అన్నాడు కుర్రవాడు తమిళంలో. బావి దగ్గర ఒక్కొక్క గంటకూ అద్దె పడుతూ ఉంటుంది. కంపెనీ మనిషి గడియారం చూస్తున్నాడు.

పెద్దాయన పాలను ఇంకా బావిలోకి పంపవద్దని, తొట్టిలోనే తిప్పుతూ ఉండమని చెప్పారు. ఆయన వాదించలేదు, యంత్రాన్ని విప్పలేదు. కుదర్చడానికి వాడిన నీళ్ళు ఏ ట్యాంకువో అడిగి, ఆ నీళ్ళనే పట్టి త్రాసులో పోశారు. 8.33 రావలసిన చోట 8.5 వచ్చింది. ఒక చుక్క నాలుకమీద వేసుకుని, "ఉప్పు" అన్నారు. ఆ ట్యాంకును నింపినది సముద్రం పక్క బావినీళ్ళతో. కుర్రవాడు మంచినీళ్ళనుకుని యంత్రానికి పరిచయం చేసినవి ఉప్పునీళ్ళు. అది నమ్మింది. బరువైన నీళ్ళను తేలికైనవని నమ్మింది కాబట్టి, ఆ పైన ప్రతి అంకెనూ ఆ మేరకు తక్కువ చేసి చూపించింది. కుర్రవాడు ఆ లోటు పూడ్చడానికి సిమెంటు ఎక్కువ వేశాడు. యంత్రంలో ఏ లోపమూ లేదు. అది చెప్పిన మాట తప్పు, దానికి మొదట చెప్పిన మాట తప్పు గనుక.

గొట్టం కడిగి, త్రాగేనీళ్ళ లారీలోంచి తెచ్చి నింపి, మళ్ళీ కుదిర్చారు. పని తెల్లవారుజామున ముగిసింది. ఆ రాత్రినుంచి మా రిజిస్టరులో రెండు గళ్ళు కొత్తగా చేరాయి. పనికి ముందు నీళ్ళను త్రాసులో తూస్తే వచ్చిన అంకె ఒకటి. పని అయిన తరువాత గొట్టం కడిగి నీళ్ళు నింపితే యంత్రం చూపిన అంకె రెండవది. ఈ రెండవ అంకె 8.33కు బదులు 8.6 అని వస్తే, గొట్టంలో సిమెంటు పెచ్చు మిగిలిందేమో చూడమని అర్థం. గడి ఖాళీగా వచ్చిన కాగితం మేము తీసుకోము. కుర్రవాడు మొదట్లో విసుక్కున్నాడు. ఇప్పుడతనే కొత్తవాళ్ళకు ఈ రెండు గళ్ళ సంగతి చెబుతున్నాడు.

ఇంట్లో వేరే ప్రశ్నలు. పెళ్ళయిన కొత్తలో మా ఇంటావిడ మా చొక్కా మీది బ్యాడ్జీ చూసి, "ఏమండీ, ఇది పెట్టుకుంటే ఆ కిరణాలు తగలవా?" అని అడిగింది. తగలకుండా ఆపేది కాదు అది. కరెంటు మీటరు కరెంటును ఆపుతుందా? ఎంత వాడామో వ్రాసి పెడుతుంది, ఇదీ అంతే. లోపల ఒక రకమైన పొడితో చేసిన మూడు బిళ్ళలుంటాయి. మూడు నెలలకొకసారి వాటిని పంపిస్తే, వేడిచేసి, వచ్చే వెలుగును కొలిచి, మనిషికి ఎంత సోకిందో చెబుతారు. మన దేశంలో ఈ పనివారికి అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీ సీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30, మించరాదని నియమం. మామూలు ప్రజలకు ఏడాదికి 1. నిజంగా కాపాడేవి మూడు: పెట్టె దగ్గర గడిపే సమయం తగ్గించడం, దూరంగా నిలబడడం, మధ్యలో సీసం ఉండడం. దూరం రెట్టింపైతే సోకేది నాలుగో వంతుకు తగ్గుతుంది. గొట్టం దగ్గర చెయ్యి పెట్టే ఏ పనికైనా ముందు మూత మూసి, తాళం వేసి, కొలిచే మీటరుతో సరిచూడాలి.

మా అమ్మగారి ప్రశ్న ఇంకొకటి. "ఆ కిరణాలు తగిలిన సిమెంటు భూమిలోకి పోతే బావినీళ్ళు విషం కావూ?" ఆవిడ ప్రశ్నే చుట్టుపక్కల రైతులదీ. కావు. సీసియం కిరణాలు దేనిగుండా పోయినా దాన్ని తమవంటిదాన్ని చేయవు. దీపం వెలుగు పడిన గోడ దీపం కాదు కదా. గుళిక తన తొడుగులో, తన పెట్టెలో ఉన్నంతకాలం సిమెంటుకు గాని నీళ్ళకు గాని దానివల్ల భయం లేదు. ఆ తొడుగు చెక్కుచెదరలేదని గడువు తప్పకుండా పరీక్ష చేయిస్తాము. భయపడవలసింది ఆ పెట్టె ఎక్కడున్నదో ఎవరికీ తెలియకుండా పోయినప్పుడు.

సీసియం-137 సగం తరగడానికి ముప్పై ఏళ్ళు పడుతుంది. మిగిలిన సగంలో సగం తరగడానికి మరి ముప్పై. వెయ్యో వంతుకు రావాలంటే 300 సంవత్సరాలు. లారీ పదిహేనేళ్ళకు మూలపడుతుంది. కంట్రాక్టు అయిదేళ్ళకు ముగుస్తుంది. ఆపరేటరు ఉద్యోగం మారతాడు, గుమాస్తా రిటైరవుతాడు. సోర్సుకు రిటైర్మెంటు లేదు. దాన్ని ఒకరి చేతినుంచి ఒకరి చేతికి అప్పగించేది కాగితమే.

కొన్నేళ్ళ క్రితం యార్డులో పాత సామాను పాటకు పెట్టారు. జాబితా శుద్ధప్రతి తీయడానికి మా బల్లమీదికి వచ్చింది. అందులో ఒక వరుస: "పాత పంపింగు యూనిటు, గొట్టాలతో సహా - 1." మా సీనియరు గుమాస్తాగారు ఆ "గొట్టాలతో సహా" దగ్గర ఆగారు. ఆ యూనిటు రెండు వర్షాకాలాలుగా రేకుల షెడ్డు పక్కన కదలకుండా పడి ఉన్నది. ఆయన సోర్సుల రిజిస్టరు తీయమన్నారు. ఆ యూనిటు సోర్సుకు చివరగా వ్రాసి ఉన్నది "యూనిటు మీద" అని. తీసినట్టు ఎక్కడా లేదు. జాబితా తయారుచేసినవారు లారీని చూశారు, పంపును చూశారు, గొట్టాలను లెక్కపెట్టారు. గొట్టానికి అంటుకుని ఉన్న ముద్దను సిమెంటు పెచ్చు అనుకున్నారు.

ముగ్గురు గుమాస్తాలమూ, రేడియేషన్ భద్రతాధికారిగారూ కలిసి వెళ్ళాము. ఆయన మీటరు దగ్గరికి తీసుకుపోతే అది టకటకలాడింది. పెచ్చు గోకితే పసుపుపచ్చ పలక బయటపడింది. మూత మూసే ఉన్నది, తాళం తుప్పుపట్టి ఉన్నది. సోమవారం ఉదయం గ్యాసు కట్టర్లతో పాత ఇనుము వాళ్ళు రావలసి ఉన్నది. మేము వెళ్ళినది శుక్రవారం సాయంత్రం.

ఆ వరుస జాబితాలోంచి తీసివేశారు. అధికారం ఉన్నవారు వచ్చి పెట్టెను విప్పి తాళం గదిలో పెట్టారు. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి వచ్చిన తరువాత అది తయారుదారుకు తిరిగి వెళ్ళింది. అవతల అందినట్టు రసీదు వచ్చిన రోజునే మా రిజిస్టరులో ఆ గడి మూసివేశాము. ఎవరికీ దెబ్బ తగలలేదు కాబట్టి ఈ సంగతి యార్డు దాటి వెళ్ళలేదు.

దెబ్బ తగిలిన చోట్ల సంగతులు లోకానికి తెలుసు. 1987లో బ్రెజిలులోని గొయానియాలో, వదిలేసిన వైద్యశాలలోంచి ఇద్దరు పాత ఇనుముకోసం ఒక యంత్రభాగం తెచ్చుకున్నారు. అందులో సీసియమే, పొడి రూపంలో. చీకట్లో నీలంగా మెరుస్తున్నదని ముచ్చటపడి పంచుకున్నారు. నలుగురు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో, పాటలో కొన్న ప్రయోగశాల యంత్రాన్ని విప్పితే కోబాల్టు-60 బయటపడింది, ఒకరు చనిపోయారు. 2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో పోయినది అచ్చంగా మా పెట్టెలవంటి సాంద్రత యంత్రంలోని గుళికే. 8 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల మందం. లారీ కుదుపులకు మర ఊడి, ఆ రంధ్రంలోంచి జారి రోడ్డు పక్కన పడింది. 1,400 కిలోమీటర్ల దారి వెతికి, ఫిబ్రవరి 1న దొరకబుచ్చుకున్నారు. ఆస్ట్రేలియా వార్త చదివిన మరునాడు మేము తాళాలతోపాటు మరలు కూడా చూడమని భద్రతాధికారిగారికి విన్నవించుకున్నాము. ఆయన నవ్వలేదు, వెంటనే చూపించారు.

ఇప్పుడు సోర్సు లేని యంత్రాలు కూడా వచ్చాయి. గొట్టాన్ని కంపింపజేసి, ఆ కంపనం వేగాన్నిబట్టి సాంద్రత చెబుతాయి. చాలా చోట్ల సిమెంటు యూనిట్ల మీద అవే వాడుతున్నారు. అయినా వాటికీ మంచినీళ్ళు చూపించి సరిచూడవలసిందే, పక్కన త్రాసు ఉండవలసిందే. పాత పెట్టెలేమో ఇంకా ఎన్నో ఉన్నాయి, వాటి లెక్క సాగుతూనే ఉంటుంది.

మా షెడ్డు గోడమీద హెచ్చరిక బోర్డు ఇంగ్లీషులోనే ఉండేది. దాని కింద తమిళంలోనూ తెలుగులోనూ వ్రాసే పని మాకు అప్పగించారు. తమిళానికి "ఆపత్తు", మనకు "ఆపద". మాట ఒక్కటే కాబట్టి అది సులువుగానే తేలింది. కష్టమైంది బొమ్మ. పసుపుపచ్చమీద మూడు రెక్కల గుర్తు చూసి హెల్పర్లు "ఫ్యాను బొమ్మ" అనేవారు. ఫ్యాను ఉన్నచోట గాలి వస్తుందని కాబోలు, భోజనానికి అక్కడే కూర్చునేవారు. ఇది మా ఊరివాళ్ళ అమాయకత్వం ఒక్కటే కాదు. ఆ గుర్తు చాలామందికి అర్థం కావడంలేదనే 2007లో అంతర్జాతీయ సంస్థలు పుర్రెతో, పరుగెత్తే మనిషితో కొత్త గుర్తు ఒకటి చేర్చాయి. మేము మాత్రం బోర్డుమీద ఒక వాక్యం ఎక్కువ వ్రాశాము: "ఇది ఫ్యాను కాదు. ఇక్కడ కూర్చోవద్దు." పై అధికారి చదివి, ఉండనీయమన్నారు.

ఈ పత్రిక చదివే కుటుంబాలలో పాత ఇనుము వ్యాపారం చేసేవారున్నారు, వర్కుషాపులు నడిపేవారున్నారు, కర్మాగారాలలో పనిచేసే పిల్లలున్నారు. సాంద్రత యంత్రాలు చమురు బావుల దగ్గరే కాదు, సిమెంటు, ఉక్కు, కాగితం మిల్లుల్లో కూడా ఉంటాయి. సామానులో ఎక్కడైనా మూడు రెక్కల గుర్తు గాని, ఇంత చిన్నదానికి అంత బరువేమిటి అనిపించే మూసిన పెట్టె గాని కనబడితే, విప్పవద్దు, కోయవద్దు, ఇంటికి తీసుకుపోవద్దు. దూరంగా జరిగి, మిగతావారిని దూరంగా ఉంచి, పోలీసులకు కబురు చేయండి. పొరపాటు కబురైతే ఎవరూ తప్పుపట్టరు.

ఇక గుమాస్తా సోదరులకు ఒక్క మనవి. మా సీనియరుగారు రిటైరైనప్పుడు మాకు రిజిస్టరు ఇస్తూ సంతకం పెట్టమనలేదు. ముందు షెడ్డుకు తీసుకుపోయి, ప్రతి పెట్టె నంబరూ బిగ్గరగా చదివించి, పుస్తకంలో చూపించి, ఆ తరువాతనే కలం ఇచ్చారు. అప్పటినుంచి ప్రతి నెలా మొదటి పనిదినాన మేము అట్లాగే చేస్తున్నాము. పోయిన నెల పేజీ చూసి ఈ నెల పేజీ నింపము. ఈ నెల తొమ్మిది పెట్టెలు. తొమ్మిదీ ఉన్నాయి.